చెకుముకి తుపాకి: కొనాలా, కట్టుకోవాలా, కట్టించుకోవాలా?

“అన్నా, ఫ్లింట్‌లాక్, అదే చెకుముకి తుపాకి, ఒకటి తీసుకుందామనుకుంటున్నా. ఐదారొందల డాలర్లలో ఏది బావుంటుంది?” అని పెన్సిల్వేనియా అలెన్‌టౌన్‌లో ఉండే తమ్ముడొకడు ఫోన్ చేశాడు. ఆ ధరలో ఏదీ బావుండదు అనబోయి ఆగాను. తొమ్మిదేళ్ల కిందట నేనూ సరిగ్గా ఆ ధరలోదే కొన్నాను, రెండేళ్లు దానితో కుస్తీ పట్టాను. ఆ రెండేళ్లలో విసుగెత్తి వదిలేయకపోవడం నా ఓర్పు వల్ల కాదు. రేంజిలో నా పక్కన కాల్చే పెద్దాయన ఒకరోజు జాలిపడి తన రైఫిల్ నా చేతికిచ్చి, ఒకటి పేల్చి చూడమన్నాడు. ట్రిగ్గర్ నొక్కానో లేదో గుండు వెళ్లిపోయింది. అప్పటిదాకా నేను చేస్తున్నది తుపాకి కాల్చడం కాదు, తుపాకిని బతిమాలడం.

తమ్ముడికి ఫోన్లో గంటన్నర చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. అమెరికాలో, ముఖ్యంగా తూర్పు వైపు ఉండేవాళ్లకి ఇది ఎక్కువ పనికొస్తుంది. మనూళ్లో ఉండి చదివేవాళ్లు వినోదంగా చదువుకోండి. అక్కడ పేలే స్థితిలో ఉన్న నాటు తుపాకికైనా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట మాటే లేదు.

ముందు సంగతేమిటో తెలియాలి

చెకుముకి అంటే మన పిల్లలకి సైన్సు పత్రిక పేరు. మా తాతయ్య తరానికి అది మొల్లో దోపుకునే వస్తువు: ఒక రాయి, ఒక ఇనప ముక్క, కాస్త దూది. చుట్ట వెలిగించుకోవడానికి అగ్గిపెట్టె లేని రోజుల ఏర్పాటు. అదే రాయిని, అదే ఇనుమును తుపాకి పక్కన స్ప్రింగులతో బిగిస్తే ఫ్లింట్‌లాక్. రాయిని పట్టుకునే దవడను మన పాతవాళ్లు తుపాకి గుర్రం అన్నారు. ట్రిగ్గర్ నొక్కితే గుర్రం ముందుకి దూకి, ఎదురుగా నిలబడ్డ ఉక్కు పలకను గీరుతుంది. ఆ పలకను ఇక్కడ ఫ్రిజెన్ అంటారు. రవ్వలు కింద చిన్న పళ్ళెంలో ఉన్న రంజకం (అంటించడానికి పోసే చిటికెడు మందు) మీద పడతాయి, అది భగ్గుమని గొట్టం పక్కనున్న సన్న బెజ్జం గుండా లోపలి మందును అంటిస్తుంది. ఇదంతా అర సెకనులో కొంత భాగం. మంచి తుపాకిలో చెవికి ఒకటే చప్పుడు. చెడ్డదాంట్లో “చిటుక్... తుస్స్... ఢాం” అని మూడు వినిపిస్తాయి. మూడోది వినపడని రోజులూ ఉంటాయి.

రవ్వలు రాయివి కావన్న సంగతి చాలామందికి తెలియదు. రాయి అంచు ఉక్కును గోరు గీసినంత సన్నగా చెక్కేస్తుంది, ఆ ఉక్కు పొట్టు గాల్లో మండుతుంది. చిచ్చుబుడ్డిలో ఇనప రజను వేస్తే పూలు ఎలా విరుస్తాయో ఇదీ అంతే. కాబట్టి రాయి ఎంత మంచిదైనా పలక ఉక్కు సరిగ్గా గట్టిపడకపోతే రవ్వలు రావు. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే కొనుగోలులో సగం పొరపాట్లు తప్పుతాయి.

నా ఎంపిక సూత్రమూ అక్కడిదే: ముందు లాక్ (గుర్రం, పలక, పళ్ళెం, స్ప్రింగులు కలిసిన యంత్రం) చూడు, తర్వాత గొట్టం చూడు, ఆ తర్వాత నీ భుజానికి కుదిరిందా చూడు. ఇత్తడి నగిషీ, మేపుల్ కర్ర మీద పులిచారలు చివర. మనం సాధారణంగా దీన్ని తలకిందులుగా చేస్తాం. నేనూ చేశాను. నా మొదటి తుపాకికి నిగనిగలాడే ఇత్తడి పెట్టె ఉండేది, పదిసార్లు నొక్కితే నాలుగుసార్లు పేలేది కాదు. పలక మెత్తన, స్ప్రింగు బలహీనం, రాయి తగిలే కోణం వంకర. అమ్మిన కంపెనీకి రాస్తే రాయి మార్చి చూడమన్నారు. మార్చాను. పదికి మూడు అయింది.

పెన్సిల్వేనియా ఊసు కొంచెం

అమెరికా పొడుగాటి ఫ్లింట్‌లాక్ రైఫిల్‌కి కెంటకీ రైఫిల్ అని పేరు పడింది గానీ ఇది పుట్టింది పెన్సిల్వేనియాలో. 1700 తర్వాత జర్మన్ ప్రాంతాల నుంచి వచ్చి లాంకాస్టర్, రీడింగ్, నజరెత్ చుట్టుపక్కల స్థిరపడ్డ పనివాళ్లు తమ ఊళ్లో చేసే పొట్టి, లావు యేగర్ రైఫిల్‌ను ఇక్కడి అడవులకి తగ్గట్టు మార్చుకుంటూ పోయారు. గొట్టం సాగింది, రంధ్రం సన్నబడింది. చిన్న గుండయితే సీసం, మందు రెండూ ఆదా. పొడుగు గొట్టమయితే వెనక గురి, ముందు గురి మధ్య దూరం పెరిగి కంటికి నిలకడ. క్రిస్టియన్స్ స్ప్రింగ్‌లో మొరేవియన్ క్రైస్తవుల కర్మాగారం, లాంకాస్టర్‌లో జాకబ్ డికర్ట్, రీడింగ్‌లో జాన్ ష్రైట్: వీళ్ల పేర్లు ఇక్కడి తుపాకి కట్టేవాళ్లు మన నట్టువాంగం గురువులు తమ గురుపరంపరను చెప్పుకున్నట్టు చెప్తారు. ష్రైట్ సంతకంతో 1761 తేదీ ఉన్న రైఫిల్ ఇప్పటికీ నిలిచి ఉంది.

ఈ రాష్ట్రంలో ఇది ఇంకా బతికుండటానికి ఒక ఆచరణాత్మక కారణం కూడా ఉంది. 1974 నుంచి జింకల వేటకి ఫ్లింట్‌లాక్ సీజన్ అని ప్రత్యేకంగా ఉంది. క్రిస్మస్ మర్నాడు మొదలవుతుంది. క్యాప్ (దెబ్బకి మండే చిన్న లోహపు టోపీ) పెట్టి పేల్చే మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు దట్టించే తుపాకి) కూడా దానికి పనికిరాదు, చెకుముకి రాయే ఉండాలి, గుండు రంధ్రం కనీసం 0.44 అంగుళం ఉండాలి. అందుకే ఇక్కడ లంకంత డెక్ ఉన్న ఇంట్లో ఉండే ప్లంబరు దగ్గర కూడా గరాజ్‌లో ఒక ఫ్లింట్‌లాక్ కనిపిస్తుంది.

కొనే ముందు ఒక ఆదివారం నజరెత్ పక్కన బోల్టన్‌లో ఉన్న పెన్సిల్వేనియా లాంగ్‌రైఫిల్ మ్యూజియంకో, లాంకాస్టర్‌లో ల్యాండిస్ వ్యాలీ మ్యూజియంకో వెళ్లి రండి. అసలు తుపాకి ఎంత సన్నగా, ఎంత నాజూగ్గా ఉంటుందో కన్నుకి ఒకసారి పడితే, దుకాణంలో వేలాడే దుంగలు మిమ్మల్ని మోసం చేయలేవు. ఇండియానా వైపు ఉండేవాళ్లకి ఫ్రెండ్‌షిప్ అనే ఊరుంది. 1933లో పుట్టిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ అక్కడ పోటీలు పెడుతుంది. అమ్మేవాళ్ల గుడారాల మధ్య నాలుగు గంటలు తిరిగి పది తుపాకులు భుజానికి పెట్టుకుని చూస్తే, నెట్‌లో నాలుగు నెలలు చదివినదానికన్నా ఎక్కువ తెలుస్తుంది.

నాలుగు దారులు

మొదటిది ఫ్యాక్టరీ తుపాకి. స్పెయిన్, ఇటలీల నుంచి వచ్చేవే ఎక్కువ. ఐదారొందల్లో దొరికేవాటిలో గొట్టం చాలావరకు బాగానే ఉంటుంది, నిజం చెప్పాలంటే గురి కూడా బాగానే కుదురుతుంది. దెబ్బ తినేది లాక్ దగ్గరే. వెయ్యి దాటి పెట్టగలిగితే ఇటలీలో గార్డోనె వాల్ ట్రోంపియాకి చెందిన పెడెర్సోలి తుపాకులున్నాయి. పనితనం శుభ్రం, లాక్ నమ్మొచ్చు. కాకపోతే కొంచెం బరువు, కొంచెం బొద్దు. పాత వస్తువును చూసి కన్ను చెడిపోయినవాళ్లకి అది నచ్చదు. అలాంటి చాదస్తం లేకపోతే, పెట్టె విప్పిన వారానికే రేంజికి పోవాలనుకుంటే, సుఖమైన దారి ఇదే.

సెకండ్‌హ్యాండ్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. 1970లో వచ్చిన థాంప్సన్ సెంటర్ హాకెన్, లైమన్ గ్రేట్ ప్లెయిన్స్ లాంటివి ఎస్టేట్ సేల్స్‌లో తక్కువకే దొరుకుతాయి. చూడాల్సింది ఒకటే. గుండు దట్టించే కడ్డీకి తెల్లటి గుడ్డ చుట్టి గొట్టం అడుగు దాకా దించి తిప్పి తీయండి. గుడ్డ తుప్పు రంగులో వచ్చి, పోగులు చిరిగితే నమస్కారం పెట్టి వచ్చేయండి. నల్లమందు (ఇక్కడ పాతకాలపు నల్ల తుపాకిమందు అని అర్థం) కాల్చి కడగకుండా వదిలేసిన గొట్టం లోపల పుండుపడినట్టే, దానికి వైద్యం లేదు. ఇంకొకటి, కడ్డీని లోపలికి దించి మూతి దగ్గర వేలు పెట్టి, బయట అదే కొలత చూసుకోండి. అడుగు దాకా వెళ్లకపోతే లోపల పాత మందూ గుండూ ఇంకా కూర్చుని ఉన్నట్టు. నలభై ఏళ్లుగా గోడకి వేలాడుతున్నా ఆ మందు పేలుతుంది.

రెండోది కిట్. నేను చివరికి తీసుకున్న దారి ఇదే, తమ్ముడికి గట్టిగా చెప్పిందీ ఇదే. పాతకాలంలో కిట్ అంటే ముడి కర్ర, ముడి గొట్టం, ఒక గోనెసంచిడు ఇనుము. రెండేళ్లు చెక్కాలి, వడ్రంగం రావాలి. ఇప్పుడు ఒహాయోలో జిమ్ కిబ్లర్ కంప్యూటర్ మిషన్ల మీద కోసి పంపే కిట్లలో గొట్టం కర్రలోకి వెంట్రుకవాసి తేడా లేకుండా దిగుతుంది. లాక్ ముందే కూర్చి, పలకకి సరైన గట్టిదనమిచ్చి వస్తుంది. మన పని: కొన్ని రంధ్రాలు వేయడం, లోహాన్ని ఆకురాయితో నునుపు చేయడం, కర్రని గరుకు కాగితంతో రుద్దడం, రంగు, నూనె. ధర వెయ్యి పైన, రెండువేల లోపు. అతని కిట్లలో సదరన్ మౌంటెన్ అనేది సన్నటి రంధ్రాల బక్కపిల్ల, కలోనియల్ అనేది 50 నుంచి 58 క్యాలిబర్ (రంధ్రం కొలత) వరకు ఉండే పెద్దమ్మాయి.

నాకు ఆరు వారాంతాలు పట్టింది. అందులో రెండు వారాంతాలు ఊరికే రుద్దుతూ కూర్చున్నాను. మేపుల్ కర్రకి ఇనుము కరిగించిన నత్రికామ్లం పూసి, హీట్‌గన్‌తో వేడి చేస్తే ఒక్కసారిగా పచ్చ నుంచి ఎర్రమట్టి రంగుకి తిరుగుతుంది, కర్రలో దాగిన చారలన్నీ పైకి తేలతాయి. నా జీవితంలో నా చేత్తో చేసిన వస్తువేదైనా అంత అందంగా తయారైంది అదొక్కటే. పగలంతా కనపడని సర్వర్లలో కనపడని కోడ్ రాసేవాడికి ఆ తృప్తి ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఆమ్లం పని గరాజ్ తలుపు తీసి, చేతి తొడుగులూ కళ్లద్దాలూ పెట్టుకుని చేయండి.

మూడోది కట్టించుకోవడం. ఒక పనివాడిని వెతుక్కుని, ఏ జిల్లా బాణీ కావాలో, ఎంత నగిషీ కావాలో చెప్పి, అడ్వాన్సు ఇచ్చి ఎదురుచూడటం. మూడు నాలుగు వేల డాలర్ల దగ్గర మొదలై, చెక్కడం, వెండి పొదగడం పెరిగేకొద్దీ పైకి పోతుంది. ఏడాది, రెండేళ్లు పట్టడం మామూలే. మీ చెయ్యి పొడవు, మెడ పొడవు, చెంప ఎక్కడ ఆనుతుంది అన్నీ కొలిచి చేసే తుపాకి వేరు. టైలరు కుట్టిన చొక్కాకీ షాపులో కొన్నదానికీ ఉన్న తేడా. కానీ మొదటి ఫ్లింట్‌లాక్‌కే ఇది వద్దంటాను. మీకేం కావాలో మీకే తెలియనప్పుడు టైలరుకి ఏం చెప్తారు? మూడేళ్లు ఒకటి కాల్చాక వెళ్లండి, మీ కోరికలు అతనికి అర్థమయ్యే భాషలో ఉంటాయి.

నాలుగోది అసలు పాతది, రెండు వందల ఏళ్లది. కొనగలిగితే కొనండి, గోడకి పెట్టుకోండి, దణ్ణం పెట్టుకోండి. కాల్చకండి.

గొట్టం, రంధ్రం, గాడులు

క్యాలిబర్ అంటే అంగుళంలో నూరో వంతుల లెక్క. 50 క్యాలిబర్ అంటే రంధ్రం అరంగుళం. గుండు అంతకన్నా కాస్త చిన్నగా 0.490 అంగుళం ఉంటుంది, నూనె పట్టించిన నూలు గుడ్డ ముక్క చుట్టి దట్టిస్తారు, ఆ గుడ్డే గొట్టం లోపల మెలికగా చెక్కిన గాడులను పట్టుకుంటుంది. ఈ గుండు బరువు సుమారు 177 గ్రెయిన్లు, అంటే పదకొండున్నర గ్రాములు. 36 క్యాలిబర్‌ది 65 గ్రెయిన్లు. చూడటానికి అంగుళంలో నూరింట పద్నాలుగు వంతుల తేడా, బరువులో మాత్రం దాదాపు మూడింతలు.

మందు లెక్క ఇంకా తమాషా. ఒక పౌండు మందులో 7,000 గ్రెయిన్లు. 50 క్యాలిబర్‌కి 70 గ్రెయిన్ల చొప్పున వేస్తే వంద దెబ్బలు. 40 క్యాలిబర్‌కి 35 వేస్తే రెండొందలు. 32కి 20 వేస్తే మూడొందల యాభై. కాగితం మీద గురి చూసుకునే మనిషికి చిన్న రంధ్రమే హాయి: ఖర్చు తక్కువ, భుజానికి తన్ను లేదు, చప్పుడు మర్యాదగా ఉంటుంది. దాని బాధలూ ఉన్నాయి. గాలి వీస్తే చిన్న గుండు పక్కకి పోతుంది, సన్నటి కొయ్య కడ్డీ పుటుక్కున విరిగి అరచేతిలో దిగే ప్రమాదం ఉంది. పిడికిలితో దూరంగా పట్టి ఒకే దెబ్బకి తొయ్యకుండా, మూతికి జానెడు పైన పట్టి కొంచెం కొంచెంగా దించాలి.

జింక వేట ఆలోచన ఉంటే 50 తీసుకోండి, ఇంకేం ఆలోచించొద్దు. గుళ్లు, గుడ్డలు ఎక్కడైనా దొరికేది దానికే. వేట వద్దు, రేంజి చాలు అనుకుంటే 40. ఒక్క తుపాకితోనే రెండూ కావాలంటే 45. ఇక్కడి 0.44 నిబంధనకి సరిపోతుంది, మందు తక్కువ తింటుంది. జింకకి 45 చాలదని గొణిగేవాళ్లు ఉన్నారు, దగ్గరికి వెళ్లడం చేతకానివాళ్ల గొణుగుడు అది. నా అభిప్రాయం, కోపగించుకోకండి.

గాడుల మెలిక కూడా చూసుకోవాలి. గుడ్డలో చుట్టిన గుండ్రటి గుండుకి నెమ్మది మెలిక కావాలి: అరవై, డెబ్బై అంగుళాలకి ఒక చుట్టు. పొడుగాటి శంకు గుళ్లకయితే 28 అంగుళాలకి ఒక చుట్టు. 48 అంటే రెండింటికీ సర్దుబాటు, ఫ్యాక్టరీ తుపాకుల్లో ఎక్కువగా కనిపించేది అదే. మీరు గుండ్రటి గుండే కాల్చబోతున్నారు కాబట్టి (లేకపోతే ఫ్లింట్‌లాక్ దేనికి?) నెమ్మది మెలికే అడగండి.

ఇక రూపం. కొన్ని గొట్టాలు మొదలు నుంచి మూతి దాకా ఒకే లావు. మంచివి మొదట్లో లావుగా ఉండి, నడుము దగ్గర సన్నబడి, మూతి దగ్గర మళ్లీ రవ్వంత విచ్చుకుంటాయి. స్వాంప్డ్ అంటారు. కంటికి ఆ తేడా ఒక పట్టాన ఆనదు, చేతికి మాత్రం వెంటనే తెలుస్తుంది. నిటారు గొట్టమయితే ముక్కు నేలకి వాలుతూ ఉంటుంది. ఇంకో చిక్కు ఉంది: బయటి లావు ఒకటే అయినప్పుడు 36 క్యాలిబర్ తుపాకి 50 కన్నా బరువు, రంధ్రం చిన్నదయితే ఇనుము ఎక్కువ మిగులుతుంది కదా. చిన్న తుపాకి తేలిగ్గా ఉంటుందని మా ఆవిడకి నిటారు గొట్టంతో 36 తీసుకుందామనుకుని, దుకాణంలో ఎత్తి చూసి నాలిక కరుచుకున్నాను.

పొడవు మాట. 44 అంగుళాల గొట్టమున్న రైఫిల్ మొత్తం ఐదడుగుల దాకా ఉంటుంది. మడమ (భుజానికి ఆనే చివర) నేల మీద ఆనిస్తే మూతి ఐదున్నర అడుగుల మనిషి గడ్డం దగ్గరికి వస్తుంది. మందు పోసేటప్పుడు మొహం దాని మీదికి వాలకూడదు, కాబట్టి మడమను ఎడమపక్కకి జరిపి, తుపాకిని ఏటవాలుగా పట్టుకోవడం మొదటిరోజే అలవాటు చేసుకోండి. మరీ ఇబ్బందయితే 38, 39 అంగుళాల గొట్టం చూడండి.

ఎడమచేతి వాటం

మా ఆవిడది ఎడమచేతి వాటం. కుడివైపు లాక్ ఉన్న మామూలు తుపాకిని ఎడమ భుజానికి పెడితే రంజకం మంట కళ్ల ముందే లేస్తుంది. ప్రాణాపాయం కాదు గానీ కన్ను మూసుకుపోతుంది, గురి పోతుంది. ఎడమవైపు లాక్ ఉన్నవి దొరుకుతాయి, కానీ రకాలు తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. అలాంటివాళ్లు వెతుకులాట అక్కడే మొదలుపెట్టాలి, క్యాలిబర్ ముచ్చట తర్వాత. ఏ చేతి వాటమైనా కళ్లద్దాలు తప్పనిసరి. లాక్ వైపు పక్కన ఎవరూ నిలబడకుండా చూసుకోవాలి, ఆ సన్న బెజ్జం లోంచి మంట అడ్డంగా చిమ్ముతుంది.

లాక్‌ని పరీక్షించడం ఎలా

అమ్మేవాడు ఒప్పుకుంటే, తుపాకి ఖాళీ అని కడ్డీ దించి తేల్చుకున్నాక, చీకటి గదిలో పళ్ళెంలో మందు లేకుండా ఒకసారి రాయి కొట్టి చూడండి. రవ్వలు తెల్లగా, బరువుగా, పళ్ళెంలోకే జారి, అక్కడ ఒక్క క్షణం బుసబుసలాడితే లాక్ మంచిది. ఎర్రగా వచ్చి గాల్లోనే ఆరిపోతే పలక ఉక్కు మెత్తనిది. పళ్ళెం దాటి ముందుకి ఎగిరిపోతే కోణం తప్పు. గుర్రాన్ని వేలితో వెనక్కి లాగుతూ చూడండి: మొదట గట్టిగా, చివరికి కాస్త సులువుగా రావాలి. మొదటినుంచి చివరిదాకా ఒకే బిగువుగా ఉంటే స్ప్రింగు పనితనం నాసిరకం. నార్త్ కరొలైనాలోని చాంబర్స్ అమ్మే సైలర్ లాక్, సౌత్ కరొలైనా ఎల్ అండ్ ఆర్ వాళ్ల లాక్‌లు కట్టేవాళ్లలో బాగా వాడుకలో ఉన్నవి. తుపాకిలో ఏ లాక్ ఉందని అడిగితే అమ్మేవాడు తడబడ్డాడంటే, దాని గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదన్నమాట.

రాళ్లలో రెండు రకాలు. ఇంగ్లండులో సఫోక్ జిల్లా బ్రాండన్ నల్లరాయి చేత్తో పగలగొట్టినది, అంచు కత్తిలా ఉంటుంది. మిషన్ మీద కోసిన అగేట్ రాళ్లు అన్నీ ఒకే కొలత, చూడ్డానికి ముచ్చట, రవ్వలు తక్కువ. చౌక తుపాకితో పాటు అగేట్ ఇస్తారు. తీసి పక్కన పెట్టి ఒక డజను బ్రాండన్ రాళ్లు తెప్పించుకోండి. ఇరవై డాలర్ల చిల్లరతో తుపాకి మారిపోయినట్టు అనిపించే సందర్భాలు నేను చూశాను. నా మొదటిదానికి మాత్రం అదీ పని చేయలేదు.

మందు, చట్టం

అసలు నల్లమందే వాడాలి. సూరేకారం, బొగ్గు, గంధకం. క్యాప్ తుపాకులకి అమ్మే పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, రాతి రవ్వ చాలదు. మామూలు తోటాల్లో ఉండే పొగరాని మందు చిటికెడు వేసినా గొట్టం చీలే ప్రమాదం ఉంది. గోయెక్స్, స్విస్ అని రెండు పేర్లు ఎక్కువ వినిపిస్తాయి. స్విస్ కాస్త ఘాటు, కాస్త శుభ్రం, జేబుకి కాస్త బరువు. పేలుడు పదార్థం నిబంధనల వల్ల దుకాణాల్లో అరుదు, నలుగురు కలిసి ఆన్‌లైన్లో తెప్పించుకుంటే రవాణా ఖర్చు పంచుకోవచ్చు. గొట్టంలోకీ, పళ్ళెంలోకీ నేను ఒకటే 3ఎఫ్ (సన్న గింజ) రకం వాడతాను. మందు నిలవ చేసుకునే కొమ్ములోంచి నేరుగా గొట్టంలోకి ఎప్పుడూ పోయకూడదు, కొలత గొట్టంలోకి వంచి, అందులోంచి పోయాలి. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే మండేది ఆ కొలతంతే, చేతిలోని కొమ్ము కాదు. గుండు మందు మీద గట్టిగా కూర్చోవాలి, మధ్యలో ఆగితే పేల్చకూడదు. కడ్డీ మీద గీత గీసుకోండి. నొక్కినా పేలకపోతే మూతి ముందుకే ఉంచి ఒక నిమిషం కదలకుండా ఆగండి.

ఆ వాసన గురించి చెప్పాలి. మా అమ్మమ్మగారి ఊళ్లో దీపావళికి ముందు పెరట్లో సూరేకారం, గంధకం, జిల్లేడు బొగ్గు ఎండబెట్టేవాళ్లు. మొదటిసారి రేంజిలో తెల్లపొగ మొహాన్ని కమ్మినప్పుడు నేను డిసెంబరు చలిలో, బనీను మీద నిలబడి మతాబు వెలిగిస్తున్న ఎనిమిదేళ్లవాడిని. ఇంకో సంగతి, పద్దెనిమిదో శతాబ్దం రెండో సగంలో బ్రిటిష్ వాళ్ల తుపాకుల్లో పేలిన మందుకి సూరేకారం చాలామటుకు బీహారు నుంచే ఓడలెక్కింది. అమెరికన్ తిరుగుబాటుదార్ల మీద కాల్చిన మందులో మన మట్టి ఉంది. ఇక్కడి మిత్రులకి ఈ ముక్క చెప్తే కాసేపు మాట్లాడరు.

చట్టం సంగతి, వీసాల మీద ఉన్న మనవాళ్లకి ముఖ్యం. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా ఉన్నవాళ్లు మామూలు తుపాకి దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టంలో నేరం, కొన్ని మినహాయింపులున్నాయి, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వాటిలో ఒకటి. 1968 గన్ కంట్రోల్ యాక్ట్ ఫ్లింట్‌లాక్‌లనీ వాటి నకళ్లనీ పురాతన ఆయుధాలుగా లెక్కేసి, ఆ తుపాకి నిర్వచనంలోంచే తప్పించింది. అంతటితో సంబరపడకండి, రాష్ట్రాల లెక్క వేరు. డెలావేర్ నది దాటి న్యూజెర్సీలోకి అడుగుపెడితే మజిల్‌లోడర్ కూడా తుపాకే. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్లు ఒక వంద డాలర్లు ఎక్కువైనా లాయర్‌ని అడిగి కొనండి, స్నేహితుణ్ణి అడిగి కాదు. నన్ను కూడా. నల్లమందు విమానంలో చేతిసంచిలోనూ కుదరదు, చెక్‌ఇన్ లగేజీలోనూ కుదరదు. ఊరికి తీసుకెళ్లి చూపిద్దామన్న కోరిక ఉంటే ఫోటోతో సరిపెట్టుకుని, చుట్టాలని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి పంపండి.

కాల్చిన సాయంత్రం

ఇది నచ్చకపోతే అసలు కొనొద్దు కాబట్టి ముందే చెప్తున్నా. కాల్చిన రోజు సాయంత్రమే గొట్టం కడగాలి. మర్నాడు అంటే తుప్పు. మందు మసి గాల్లో తేమను పీల్చుకుంటుంది. ప్రత్యేక ద్రావకాలు అక్కర్లేదు, గోరువెచ్చటి నీళ్లు, గుడ్డ, కడ్డీ. మొదటి నాలుగు గుడ్డలు కాటుకలా, పదోది తెల్లగా వస్తుంది. తర్వాత పొడి గుడ్డ, ఆపైన నూనె. ముప్పావుగంట పని. ఆ నీళ్లు కుళ్లిన గుడ్డు వాసన వేస్తాయి. మా ఇంట్లో బాత్‌టబ్‌లో ఒకసారి చేశాను, ఆ తర్వాతి నుంచి గరాజ్.

ఈ ముప్పావుగంట నాకు ఇష్టం. తమ్ముడికి ఇష్టమవుతుందో లేదో తెలియక, కిట్ కొనే ముందు రెండు శనివారాలు నా తుపాకితో కాల్పించి, రెండుసార్లూ కడిగించాను. రెండోసారి నేను చెప్పకముందే నీళ్లు పెట్టాడు. ఫిబ్రవరిలో కిట్ ఆర్డరిచ్చాడు, 45 క్యాలిబర్. కర్ర రుద్దడం అయిపోయిందట, రంగు ఎర్రగా పెట్టనా, నల్లగా పెట్టనా అని నిన్న రాత్రి పదిన్నరకి ఫోటో పంపాడు. ఎండలో తీసి పంపమన్నాను, ట్యూబ్‌లైటు కింద మేపుల్ చారలు కనపడవు.